శాలిగోపికల నవ్వు: యువజన జీవవైవిధ్య పరిరక్షణ రచనలో పేరు, స్థానికత

ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలోని విల్లిపుత్తూరు వర్ణనలో ఒక పద్యం సాహిత్య విద్యార్థులకు చిరపరిచితం. తెల్లవారుజామున పొలం కాలువల్లో బాతులు తలలను రెక్కల్లో దూర్చుకొని నిద్రపోతుంటాయి. కావలివాండ్రయిన ఆరెకులు వాటిని చూసి, వేకువ స్నానం చేసి వెళ్లిన ద్విజులు రేవులో మరచిపోయిన తడిబట్టల ముద్దలు అనుకొంటారు. వాటిని ఎవరి ఇంటికి వారికి చేర్చాలని నీళ్లలోకి దిగుతారు. బట్టల ముద్దలు లేచి పరుగు తీస్తాయి. వరిచేలకు కావలి ఉన్న పడుచులు అది చూసి నవ్వుతారు. ఈ పద్యాన్ని భ్రాంతిమదలంకారానికి లక్ష్యంగా చూపి, రాయల పరిశీలనాశక్తిని మెచ్చుకొని ముందుకు సాగడం తరగతి గదుల్లో పరిపాటి. ఆ నవ్వు మాత్రం అలంకారానికి కొసరుగా మిగిలిపోతుంది.

నిజానికి పద్యం నిలిచేది ఆ నవ్వు మీదనే. ఆరెకుల ఉద్దేశం మంచిది; పోయిన సొత్తును సొంతదారుకు చేర్చడం వారి విధి. పొరపాటు ఉద్దేశంలో లేదు, గుర్తింపులో ఉంది. శాలిగోపికలకు ఆ పొరపాటు జరగదు. పంటకు కావలి ఉండటమంటే ఏ పిట్ట ఏ వేళ ఎక్కడ వాలుతుందో ఎరిగి ఉండటమే. వయసులో చిన్నవారు, అధికారం లేనివారు, పనిలో నిమగ్నమై ఉన్నవారు ఎరిగినదాన్ని అధికారి ఎరగకపోవడమే ఆ హాస్యానికి మూలం. తెలుగు నేలపై యువజనులు పాల్గొన్న జీవవైవిధ్య పరిరక్షణ కార్యక్రమాల చుట్టూ గత మూడు దశాబ్దాలుగా పెరుగుతున్న రచనను విమర్శకు తీసుకొన్నప్పుడు ఈ పద్యం మంచి కొలబద్ద కాగలదు. ఆ రచన ఆరెకుల కంటితో చూస్తున్నదా, గోపికల కంటితో చూస్తున్నదా అన్నదే ప్రశ్న.

ఇక్కడ రచన అన్న మాటను కొంత విశాలార్థంలో గ్రహించాలి. పంచాయతీల్లో తయారైన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు, కళాశాల విద్యార్థుల పక్షిగణన నివేదికలు, 2001 తరువాత బడుల్లో ఏర్పడిన జాతీయ హరితదళాల కరపత్రాలు, పక్షులు గూళ్లు కట్టే గ్రామాలపై పత్రికా కథనాలు, ఇవన్నీ తెలుగు వచనమే. వీటిని వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర శాఖల సొత్తుగా భావించి తెలుగు శాఖలు పక్కన పెట్టాయి. అయితే వీటిలో జరుగుతున్న పని ముఖ్యంగా పేర్లు పెట్టడం, పేర్లు రాయడం, పేర్లు వదిలివేయడం. అది భాషాధ్యయనం పరిధిలోనిదే.

చర్చకు ఒక నేల కావాలి. మార్టూరు మైదానం అందుకు తగినది. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో, 1970 నుండి ప్రకాశంలో, 2022 ఏప్రిల్ నుండి బాపట్లలో ఉన్న ఈ ప్రాంతం నల్లరేగడి భూమి. పత్తి, మిరప, పొగాకు, శనగ ఇక్కడి పంటలు. జాతీయ రహదారి వెంట గ్రానైటు పలకలు సానపట్టే కర్మాగారాలు. పొరుగున ఉన్న అద్దంకి సాహిత్య చరిత్రలో రెండు విధాల ప్రసిద్ధం. తెలుగు పద్యానికి తొలి ఆధారంగా చెప్పే పండరంగని శాసనం (848) అక్కడిది; ప్రోలయ వేమారెడ్డి తొలి రాజధానీ అదే. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎఱ్ఱన ఆ రాజు ఆస్థానకవి. అరణ్యపర్వాన్ని శరదృతు వర్ణనతో అందుకొన్న కవికి ఆశ్రయమిచ్చిన ఈ మైదానంలో ఇప్పుడు అరణ్యమని చెప్పదగినది చాలా కొంచెం. ఉన్న వైవిధ్యమంతా చెరువుల్లో, చేలగట్ల మీద, శ్మశానాల్లో, కాలువ కట్టల వెంట, పైరు సందుల్లో ఉంది. పులి లేదు, ఏనుగు లేదు. కాపాడవలసినది కంటికి ఆననిది. ఇలాంటి చోటనే పరిరక్షణ రచనకు అసలు పరీక్ష ఎదురవుతుంది.

ఈ మైదానాల్లో విశేష ప్రచారం పొందిన ఉదాహరణ గుంటూరు సమీపంలోని ఉప్పలపాడు. ఊరి చెరువుల్లోని తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, నత్తగుల్ల కొంగలు, చింతవక్కలు గూళ్లు కడతాయి. చెట్లు చాలని చోట ఇనుప చట్రాలు నిలిపి గూళ్లకు ఆధారం కల్పించారు. వాటిని వేటాడకుండా, బెదరగొట్టకుండా కాచినవారు ఊరివారే. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురంలోనూ ఇదే వరుస. అక్కడ ఇళ్ల నడుమ చింతచెట్ల మీదనే గూళ్లు. ఇది నిస్సందేహంగా గొప్ప విషయం. దాన్ని చెప్పిన తీరు మాత్రం ఆ గొప్పదనానికి తగినది కాదు.

ఈ రెండు గ్రామాల గురించి వచ్చిన కథనాల్లో అడుగడుగునా కనిపించే పదబంధాలు ‘సైబీరియా పక్షులు’, ‘విదేశీ అతిథులు’. వేల మైళ్లు దాటి వచ్చిన చుట్టాలనీ, విడిదిచేసి తిరిగి తమ దేశం వెళ్లిపోతాయనీ పాఠకుడికి చెబుతారు. ఇది వాస్తవం కాదు. గూడబాతు దక్షిణ భారతం, శ్రీలంక, కంబోడియాలలో గూడుకట్టే పక్షి. ఎర్రకాళ్ల కొంగ కూడా దక్షిణాసియా నేలదే. నీటి లభ్యతను బట్టి ఒక చెరువు నుండి మరొక చెరువుకు, ఒక జిల్లా నుండి మరొక జిల్లాకు తిరుగుతాయి తప్ప వాటికి సైబీరియాతో సంబంధం లేదు. గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను సాకే చోటే పక్షికి స్వస్థలం. ఆ లెక్కన ఉప్పలపాడులో పుట్టిన గూడబాతు ఉప్పలపాడుదే. ఉత్తరాసియా నుండి శీతకాలంలో వచ్చే పక్షులు లేకపోలేదు. కొల్లేటికి, పులికాటుకు వచ్చే సూదితోక బాతు అటువంటిది. అది ఇక్కడ గూడు కట్టదు. గూడు కట్టని పక్షికి చెందిన కథను గూడుకట్టే పక్షికి తొడగడం ఆరెకుల భ్రాంతి వంటిదే. బాతు బట్టముద్ద అయినట్టు స్వదేశి విదేశి అయింది.

ఇది సమాచార లోపం మాత్రమే అయితే ఒక సవరణతో సరిపోయేది. ఇది రూపక లోపం. అతిథి అన్న రూపకంతో పాటు దాని ధర్మాలన్నీ వస్తాయి. అతిథికి మర్యాద ఉంటుంది, హక్కు ఉండదు. అతిథిని ఆదరించడం గృహస్థు ఔదార్యం. ఆదరించకపోతే అపకీర్తి తప్ప వేరే దోషం లేదు. తిథి చూసుకొని రాకపోవడం ఎలాగో, ఉండిపోకపోవడమూ అతిథి లక్షణమే. చెరువు పూడ్చవలసి వచ్చినప్పుడు, కంప కొట్టవలసి వచ్చినప్పుడు అతిథి అభ్యంతరం చెప్పలేడు. కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులో ఇవే జాతుల పక్షుల గురించి ఊరివారి మాట వేరుగా ఉంటుంది. అవి పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలని వారంటారు. ఈ రూపకం తెలుగువారికి పరాయిది కాదు. కాన్పుకు వచ్చిన ఆడపడుచును ఏ ఇల్లూ అతిథి అనదు. తండ్రి ఆస్తిలో కూతురికి సమాన భాగమిస్తూ 1986లో చట్టం చేసిన రాష్ట్రంలో ఆ రూపకానికి ఇంకొంత బరువు కూడా ఉంది. ఆడపడుచు పక్షికి చెరువులో వాటా ఉంటుంది. రెండు రూపకాల మధ్య భేదం శైలీభేదం కాదు, హక్కు ఉన్నదా లేదా అన్న భేదం.

దీనికి ఎదురుగా జనవ్యవహారం పరాయితనాన్ని ఎంత కచ్చితంగా గుర్తించిందో చూడదగినది. గూడబాతులు గూళ్లు కట్టిన చెట్లలో చాలావరకు అమెరికా ఖండాల నుండి వచ్చిన ప్రోసోపిస్ జూలిఫ్లోరా. దాన్ని ఏ గ్రామస్థుడూ దేశవాళీ తుమ్మతో కలపలేదు. ప్రభుత్వం తెచ్చి నాటించింది కనుక సర్కారు తుమ్మ అన్నారు. ప్రకాశం, నెల్లూరు సీమల్లో చిల్లకంప అన్నారు. మెక్సికో ప్రాంతం నుండి వచ్చిన చింతవంటి కాయ సీమచింత అయింది. చేలను ఆక్రమించిన పార్థీనియానికి వయ్యారిభామ అని, కాంగ్రెసు గడ్డి అని రెండు పేర్లు పెట్టి, ఒకదానిలో దాని పోకడనీ, మరొకదానిలో అది ఎవరి హయాంలో వచ్చిందన్న అనుమానాన్నీ నిక్షేపించారు. మిరప సంగతి ఇంకా ఆసక్తికరం. పోర్చుగీసుల రాకతో ఈ దేశానికి చేరిన కాయను మిరియం పేరుతో పోల్చి పిలిచి, కాలక్రమంలో గుంటూరు ఊరిపేరునే దానికి విశేషణంగా చేశారు. అంటే జనం పరాయిదాన్ని పరాయిదిగా గుర్తించనూ గలరు, కలుపుకోనూ గలరు. రెండూ పేరుపెట్టడంలోనే జరుగుతాయి. చెట్టు విషయంలో ఇంత తెలివిడి చూపిన భాష, ఆ చెట్టు మీది పక్షి విషయంలో పత్రికాభాషగా మారగానే తప్పటడుగు వేసింది. ఊరి యువకులు కూడా క్రమంగా ఆ పత్రికాభాషనే తమ భాషగా పలకసాగడం ఇందులోని విషాదం. ఫలకం మీద రాసినదాన్ని చదివి తమ పక్షిని తామే విదేశీయం చేసుకొంటారు.

కథనాల నుండి రిజిస్టర్లకు వస్తే భాష మారుతుంది, లోపం స్వభావమూ మారుతుంది. 2002 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలన్నది. స్థానికులను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయడం ఆ కమిటీ ముఖ్యవిధి అని 2004 నాటి నియమాలు నిర్దేశించాయి. ఈ ఆలోచనకు పాదు చట్టానికి ముందే పడింది. 1990ల నడుమ మాధవ్ గాడ్గిల్, ఆయన సహచరులు కళాశాల అధ్యాపకులనూ విద్యార్థులనూ గ్రామస్థులతో కలిపి ఇటువంటి రిజిస్టర్లకు రూపం కల్పించారు. విద్యార్థి తన ఊరికే విద్యార్థిగా తిరిగివెళ్లి, తల్లిదండ్రుల తరాన్ని అడిగి రాసుకోవడం అన్న భావన అందులో ఉంది. దేశంలో యువజనుల చేతుల మీదుగా సాగిన పరిరక్షణ రచనల్లో ఇంతకన్న ప్రజాస్వామికమైన నమూనా అరుదు.

అమలులో ఆ నమూనా పట్టికగా కుదించుకుపోయింది. పంటలకు ఒక పట్టిక, కలుపు మొక్కలకు ఒకటి, తెగుళ్లకు ఒకటి, ఔషధ మొక్కలకు ఒకటి. స్థానిక నామం, శాస్త్రీయ నామం, ఉపయోగం, ఆనాటి స్థితి, ఈనాటి స్థితి అని గళ్లు. స్థానిక నామం అన్న గడిలో ఒక పేరుకే చోటు. తెలుగు మొక్కల పేర్లు తెలిసినవారికి ఇది ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు. గలిజేరు, అటికమామిడి, పునర్నవ అన్న పేర్లు ఒకదాని మీద ఒకటి వాలుతుంటాయి. వాటి కింద ట్రయాంథిమా, బోర్హేవియా అనే రెండు వేర్వేరు ప్రజాతులున్నాయి. ఒక చోట గంగపావిలి, మరొక చోట గంగవాయిలి. వీటిలో ఏదో ఒకటి రాసి మిగిలినవి వదలడం లేఖకుడి సౌకర్యం.

భాషాశాస్త్రం ఈ సమస్యను చాలాకాలం క్రితమే ఎదుర్కొని పరిష్కరించింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటంలో ఒక పనిముట్టుకు ఏ ప్రాంతంలో ఏ పేరో వ్యవహర్తల నోట విన్నది విన్నట్టు, ప్రాంతసూచికతో నమోదైంది. అక్కడ వైవిధ్యం లోపం కాదు, ఫలితం. జీవవైవిధ్యాన్ని నమోదు చేయవలసిన రిజిస్టరు పదవైవిధ్యాన్ని అణచివేయడం, వ్యవసాయ పదాలను సేకరించిన కోశం దాన్ని దాచడం అన్న విపర్యాసాన్ని గమనించాలి. పదకోశపు పద్ధతి తెలిసిన తెలుగు విద్యార్థి ఒక్కడు సర్వే బృందంలో ఉన్నా పట్టిక ఇలా ఉండేది కాదు.

నిఘంటువుల ఆసరా కూడా ఇక్కడ అంతంతమాత్రమే. శబ్దరత్నాకరం మొదలు మన మహాకోశాల్లో చెట్లకు, పిట్టలకు దక్కిన అర్థం తరచుగా ‘వృక్షవిశేషము’, ‘పక్షివిశేషము’. విశేషమనడమే గాని ఆ విశేషమేదో చెప్పకపోవడం మన కోశసంప్రదాయపు విచిత్రం. పద్దెనిమిదో శతాబ్ది చివర సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలకు తెలుగు పేర్లను శ్రద్ధగా రాసుకొన్నాడు. సోమిద చెట్టు పేరు ‘సోయిమిడా’గా శాస్త్రనామంలోకి ఎక్కింది. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న జెర్డన్ పంతొమ్మిదో శతాబ్ది నడుమ పక్షుల తెలుగు పేర్లను నమోదుచేశాడు. తెలుగు పేర్లు లాటిను పుస్తకాల్లో భద్రంగా ఉండి తెలుగు కోశాల్లో విశేషాలుగా మిగలడం విద్యాసంస్థలకు గర్వకారణం కాదు.

మార్టూరు మైదానానికి సంబంధించినంతవరకు అన్నిటికన్న గడ్డు సమస్య కలుపు పట్టికలో ఉంది. కలుపు అన్నది ఏ మొక్క పేరూ కాదు. మొక్కకూ పంటకూ ఉన్న తగవు పేరు. ఆ ఒక్క మాట కింద ఎన్ని పేర్లు ఉన్నాయో తెలిసినది కలుపు తీసే చేతులకు. గురుగు, తుమ్మి, గునుగు, చెంచలి, పొన్నగంటి, ఉత్తరేణి, పల్లేరు, పిప్పింట, నేల ఉసిరి: వీటిలో ఏది పీకి గట్టున పారేయాలో, ఏది ఒడిలో వేసుకొని ఇంటికి తేవాలో, ఏది గేదెకు, ఏది పసిబిడ్డ దగ్గుకు అన్నది వంగి పనిచేసే కూలి స్త్రీలు, వారి వెంట వచ్చిన ఆడపిల్లలు నడిచే సాలు మీదనే నేర్చుకొన్న విద్య. శాలిగోపిక ఈ చేలో కలుపుతీసే కూలి. గునుగు పూస్తే తెలంగాణలో బతుకమ్మ అవుతుంది. పత్తిచేలో అదే కలుపు. వ్యవసాయశాస్త్రపు పట్టికకు రెండో సంగతే తెలుసు.

ఈ విద్య ఏ కారణంగా అంతరిస్తున్నదో చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కరలేదు. జీవవైవిధ్య చట్టం వచ్చిన 2002లోనే, మార్చిలో, బీటీ పత్తికి అనుమతి వచ్చింది. అంతకు ముందే 1980లలో తెల్లదోమ ఈ రెండు జిల్లాల పత్తిని ఊడ్చిపెట్టి, 1987-88లో రైతుల ఆత్మహత్యల దాకా తెచ్చిన చరిత్ర ఉంది. 2017 తరువాత కలుపుమందును తట్టుకొనే పత్తి విత్తనాలు అనుమతి లేకుండానే ఆంధ్ర, తెలంగాణలతో సహా పలు రాష్ట్రాల్లో వ్యాపించాయని ప్రభుత్వ పరిశీలనల్లోనే తేలింది. మందు చల్లిన చేలో కలుపు తీసే పని ఉండదు. పని లేకపోతే ఆ పని వల్ల వచ్చే నడుమునొప్పీ ఉండదు. ఆ సౌఖ్యాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కూలీ పోవడం వేరే సంగతి. అయితే మొక్కతో పాటు దాని పేరు పలకవలసిన సందర్భమూ పోతుంది. మందు ముందు మొక్కను చంపుతుంది, తరువాత మాటను. ఒక తరంలో పేరు పోయిన మొక్క తిరిగి మొలిచినా దాన్ని కలుపు అనే అంటారు.

పరిరక్షణ కరపత్రాల్లో యువత అన్న మాట ఈ నేపథ్యంలో బోలుగా వినిపిస్తుంది. ‘యువత ముందుకు రావాలి’ అన్న వాక్యంలో కర్తకు ఊరు లేదు, పని లేదు, కులం లేదు, ఆడో మగో తెలియదు. మిరపకాయల కోతకు వచ్చిన పదహారేళ్ల పిల్ల ఆ యువతలో చేరుతుందా? మొక్కలు నాటే దినాన ఫొటోలో నిలిచినవారే యువత అయితే పరిరక్షణ రచన ఇక ఆరెకుల డైరీయే. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని దీనికి భిన్నమైన దారి చూపింది. దళిత మహిళల సంఘాలు విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పిన పాత పంటల జాతర, మాచనూరులో పనిపిల్లల కోసం నడిపిన పచ్చసాలె, 2008లో అక్కడే మొదలైన సంఘం రేడియో. వీటిలో యువత వేరే కర్త కాదు, తల్లుల వెనుక నడిచే తరం. నీరు కట్టకుండా మంచుకే పండే పంటలను ఆ స్త్రీలు ‘సత్యం పంటలు’ అన్నారు. పరిరక్షణ వాఙ్మయంలో పుట్టిన తెలుగు మాటల్లో ఇంతటిది మరొకటి చూపడం కష్టం. అది అనువాదం కాదు. చేలో నిలబడి పలికిన మాట.

సృజన సాహిత్యం ఈ విషయంలో ముందే నడిచింది. ఈ మైదానాల అంచున వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ తన ఖండికలకు ఎన్నుకొన్న జీవులను చూడండి: గిజిగాడు, సాలీడు. పేరుకు తగ్గ గూడు అల్లే పిట్ట, ఇంటి మూల దులిపి పారేసే పురుగు. రెండింటినీ ఆయన పనివారుగా చూశాడు. వాటి నేర్పుకు మనిషి నేర్పును సాటి తెచ్చాడు. 1941 నాటి గబ్బిలంలో ఇంకా సాహసించాడు. హంసకు, మేఘానికి, చిలుకకు అప్పగించిన దౌత్యాన్ని అపశకునమని అందరూ చీదరించే జీవికి అప్పగించాడు. అంటరానివాడి గుడిసెలోకి రాగలిగినదీ, గుడి కప్పుకు వేలాడి శివుడి చెవిలో చెప్పగలిగినదీ అదొక్కటే కనుక ఆ ఎన్నిక కేవలం చమత్కారం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలతో, కాకులతో కలిపి హానికర జీవుల షెడ్యూలులో పెట్టింది; 2022 సవరణతోనే ఆ షెడ్యూలు తొలగింది. చట్టానికి ఎనభై ఏళ్లు పట్టిన సంగతిని కావ్యం ముందే గ్రహించిందనడం అతిశయోక్తి అనిపించవచ్చు. జాషువ లక్ష్యం జీవవైవిధ్యం కాదు, మనిషి అవమానం. కానీ జీవుల మధ్య అంటును ప్రశ్నించకుండా మనుషుల మధ్య అంటును ప్రశ్నించలేనని ఆయన రచనా వ్యూహం ఒప్పుకొంది. పెద్ద ముక్కు, గులాబి రెక్కలు గల పక్షులకే మనసు కరిగే నేటి పరిరక్షణ రచన ఈ పాఠాన్ని ఇంకా చదవలేదు. గూడబాతుకు ఇనుప చట్రం నిలిపినవారు మర్రిమాను గబ్బిలాలకు ఏమి చేస్తారన్నది ఆ రచన అడగని ప్రశ్న.

అడగని ప్రశ్న మరొకటి వేటగాడిది. యువజన పరిరక్షణ కథల్లో వేటగాడు తరచుగా ప్రతినాయకుడు. ఊరి కుర్రాళ్లు అతన్ని తరిమివేస్తారు, పక్షులు బతుకుతాయి. కలివికోడి చరిత్ర ఈ కథనాన్ని తలకిందులు చేస్తుంది. 1848 ప్రాంతంలో జెర్డన్ లోకానికి తెలియజేసిన ఈ పక్షి 1900 తరువాత కనుమరుగై, అంతరించిందని తలచిన దశలో 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర తిరిగి దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు బొమ్మలు చూపి ఊళ్లలో వాకబు చేయగా, దాన్ని గుర్తించి పట్టి చూపినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. కలివి పొదల్లో తిరుగుతుంది కనుక కలివికోడి. శాస్త్రలోకం ఎనభై ఆరేళ్లు పోగొట్టుకొన్న పక్షి ఆ పేరులో, దాని నివాసపు చిరునామాతో సహా, బతికే ఉంది. ఆ పేరు ఎరిగినవాడు ఉచ్చులు పన్నేవాడు. వేటను సమర్థించడానికి ఇది ఆధారం కాదు. యానాదుల, ఎరుకల, పక్షులు పట్టే ఇతర జనుల జ్ఞానాన్ని నేరంగా మాత్రమే నమోదు చేసే రచన తన పునాదిని తానే తవ్వుకొంటుందని చెప్పడానికి ఆధారం. కలివికోడి ఉన్నదని తేలిన తరువాతే ఆ పొదలకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, ఆ తరువాతే తెలుగుగంగ కాలువ దారి మార్చవలసి వచ్చింది. పేరు ముందు, చట్టం తరువాత.

వినాయకచవితికి పత్రి తెచ్చే ఆచారాన్ని కూడా ఈ దృష్టితో చూడవచ్చు. ఇరవై ఒక్క ఆకులకు పూజలో సంస్కృత నామాలు, చేలగట్టు మీద తెలుగు నామాలు. అపామార్గమంటే ఉత్తరేణి, అర్కమంటే జిల్లేడు, సింధువారమంటే వావిలి అని కలుపుకొంటూ పిల్లలు పొద్దున్నే ఊరి చుట్టూ తిరగడం శాస్త్రనామాన్ని స్థానిక నామంతో జతపరచే అభ్యాసమే. ఇప్పుడు పత్రి బజారులో కట్టగా దొరుకుతుంది. కట్టలో ఏ ఆకు ఏదో అడిగేవారు తక్కువ, చెప్పగలవారు ఇంకా తక్కువ.

తిరిగి రిజిస్టరు దగ్గరికి రావాలి. దేశంలోని అన్ని స్థానిక సంస్థలూ 2020 జనవరి 31 నాటికి కమిటీలు వేసి రిజిస్టర్లు పూర్తిచేయాలనీ, చేయని రాష్ట్రాలు ఆపై నెలకు పది లక్షల రూపాయలు కట్టాలనీ జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు విధించింది. ఏళ్ల తరబడి కదలని పని ఆ గడువుతో పరుగందుకొని, రెండున్నర లక్షలకు పైబడి రిజిస్టర్లు తయారయ్యాయి. ట్రిబ్యునల్ ఉద్దేశమూ ఆరెకుల ఉద్దేశం వలె మంచిదే. కానీ మార్టూరు నేలకు జనవరి అంటే ఏమిటో ఆ గడువుకు తెలియదు. జనవరిలో ఇక్కడ మిరప ఎర్రబారి ఉంటుంది, పత్తి చివరి తీతలో ఉంటుంది. ఉప్పలపాడు చెరువు నిండా పక్షులుంటాయి. 1987 నుండి ఏటా ఆసియా నీటిపక్షుల గణన జరిగేదీ అదే నెలలో. కెమెరాకు అనువైన నెల, సెలవుల నెల. వానకాలపు కలుపు అప్పటికి ఎండి, దున్ని, కాలి పోయి ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరు మాసాల్లో, పత్తి మోకాలెత్తున ఉన్నప్పుడు, రెండో కలుపు వేళ, గట్టు మీద అన్నాల దగ్గర కూలి స్త్రీలు ఒకరి ఒడిలోని కూర మరొకరికి చూపి ఇదేమిటి, అదేమిటి అనుకొనే మాటల్లో ఈ రిజిస్టరు ఉంది. రాసుకొనేందుకు ఆ మధ్యాహ్నం చేనికి వెళ్లిన విద్యార్థికి పేర్ల కన్న ముందు వినిపించేది, అతడు ఏదో ఆకును తప్పుగా చూపినప్పుడు వచ్చే నవ్వు.